ఆఫీసు శుభ్రతకు ఏజెన్సీతో ఒప్పందం: నేల కొలత నుంచి తాళాల అప్పగింత దాకా

ఆఫీసు శుభ్రం చేసే పనిని బయటి ఏజెన్సీకి అప్పగించాలనుకోగానే నోటికొచ్చే మొదటి ప్రశ్న "నెలకు ఎంత తీసుకుంటారు?" జవాబుగా ఒక అంకె వెంటనే వస్తుంది. ఆ అంకెకు రోజుకు ఎంతమంది వస్తారు, ఎంతసేపు పని చేస్తారు అన్నది మాత్రం అడిగితే తప్ప ఎవరూ చెప్పరు. ఈ వ్యాపారంలో మీరు డబ్బు పెట్టి కొనేది మనుషుల సమయాన్ని. మందులు, యంత్రాలు, యూనిఫారాలు అన్నీ దాని తర్వాతే. కింద రాసిన ప్రతి దశలోనూ గంటల లెక్కను వదలకుండా పట్టుకుంటే ఒప్పందంలో సగం తగవులు పుట్టవు.

1. ముందు మీరే ఆఫీసంతా తిరిగి రాసుకోండి

ఏజెన్సీ మనిషిని పిలవకముందే ఒక నోటుపుస్తకం పట్టుకుని ప్రతి గదీ తిరగండి. అద్దె పత్రంలో రాసిన విస్తీర్ణాన్ని నమ్ముకోవద్దు. అందులో గోడల మందం, మెట్లు, లిఫ్టు వాటా కలిసి ఉండవచ్చు. తుడవవలసిన నేల ఎంతో విడిగా కొలవాలి.

కొలిచేటప్పుడు నేల ఏ రకమో కూడా రాయండి. పాలరాయిలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. టాయిలెట్ మరకలు పోగొట్టే ఆమ్లం దాని మీద ఒలికితే ఆ చోట మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. సబ్బునీళ్లతో ఎంత రుద్దినా అది పోదు, మళ్లీ పాలిష్ పట్టించుకోవలసిందే. చెక్క నేలను నీళ్లు ఓడుతున్న మాపుతో తుడిస్తే ఉబ్బుతుంది. కార్పెట్‌కు వాక్యూమ్ క్లీనర్ కావాలి, అప్పుడప్పుడూ లోతైన షాంపూ కడుగుడు కావాలి. ఈ తేడాలను ముందే కాగితం మీద పెట్టకపోతే అన్నిటికీ ఒకే బకెట్, ఒకే ద్రావణం వస్తాయి.

తర్వాత లెక్కపెట్టవలసినవి కమోడ్లు, యూరినల్స్, వాష్‌బేసిన్లు, బల్లలు, చెత్తబుట్టలు, గాజు తలుపులు, మీటింగ్ గదులు, ప్యాంట్రీలోని సింకులు. రోజూ ఎంతమంది కూర్చుంటారు, ఎంతమంది వచ్చిపోతారు అన్నదీ రాయండి. వాష్‌రూమ్‌ల పని విస్తీర్ణాన్ని బట్టి పెరగదు, వాడే మనుషులను బట్టి పెరుగుతుంది.

ఇంకొకటి, చిన్నదే కానీ తరచూ గొడవకు దారితీసేది. లిఫ్టు ముందున్న వరండా, మెట్లు, బయటివైపు గాజు మీరు శుభ్రం చేయించుకోవాలా, లేక భవనం నిర్వాహకులు చేయిస్తారా? ఇది తేలకపోతే ఆ జాగాను ఇద్దరూ వదిలేస్తారు.

2. పనుల జాబితా: "శుభ్రంగా ఉంచాలి" అని మాత్రం రాయకండి

ఒప్పందంలో అన్నిటికంటే విలువైన కాగితం ఇదే. చాలా ఆఫీసుల్లో ఇది ఏజెన్సీ ఇచ్చిన అచ్చు కాగితంగానే ఉండిపోతుంది. "ఆవరణను ఎల్లప్పుడూ పరిశుభ్రంగా ఉంచవలెను" వంటి వాక్యంతో ఎవరినీ ఏమీ అడగలేరు. చోటు, పని, ఎన్నిసార్లు అనే మూడూ ఉన్న వాక్యం రాయండి: "వాష్‌రూమ్ నేల రోజుకు రెండుసార్లు తుడవాలి, కమోడ్ లోపల, బయట, సీటు కింద బ్రష్‌తో కడగాలి, అద్దం మీద నీటి మరకలు లేకుండా తుడవాలి." చదవడానికి విసుగ్గా ఉంటుంది. కానీ రేపు తనిఖీ చేసేవారికి చేతిలో ఉండే ఆధారం ఈ వాక్యమే.

పనులను రోజువారీ, వారానికోసారి, నెలకోసారి, మూడు నెలలకోసారి అని విడదీయండి. రోజువారీ పనులు ఎలాగూ గుర్తుంటాయి, జారిపోయేవి మిగతావే. స్విచ్‌బోర్డుల చుట్టూ పేరుకునే మురికి, తలుపు పిడులు, కుర్చీల చక్రాలకు చుట్టుకున్న వెంట్రుకలు, ఫ్యాను రెక్కలు, ఏసీ జాలీలు, కిటికీ గట్లు, బల్లల కింద వైర్ల మధ్య దుమ్ము, ఫ్రిజ్ లోపలి అరలు, చెత్తబుట్ట లోపలి అడుగు ఇలాంటివే. సంచి మార్చడమంటే బుట్ట కడిగినట్టు కాదు కదా! వీటిలో ఒక్కొక్కదానికి పక్కన ఏ వారం, ఏ రోజు అని రాయించండి. "అవసరాన్ని బట్టి" అని రాస్తే ఆ అవసరం ఎప్పటికీ రాదు.

ఎంత శుభ్రంగా ఉండాలో మాటల్లో చెప్పడం కష్టమనిపిస్తే ఒక కొలమానం ఉంది. విద్యాసంస్థల భవనాల నిర్వాహకుల సంఘం 'ఆప్పా' శుభ్రతను 5 స్థాయిలుగా విభజించింది. 1 అంటే మచ్చలేని స్థితి, 5 అంటే పూర్తిగా వదిలేసిన స్థితి. సాధారణ ఆఫీసు గదులకు 2, వాష్‌రూమ్‌లకు, రిసెప్షన్‌కు 1, స్టోరుకు 3 అనుకుంటే సరిపోతుందని నా అభిప్రాయం. అన్నిటికీ 1 కావాలనడం వినడానికి బాగుంటుంది, కానీ ఆ గంటలకు డబ్బు కట్టేది మీరే.

శుభ్రం చేయడం, క్రిమిసంహారం చేయడం ఒకటి కావు. జాబితాలో రెండూ కలిపేస్తే రెండోది జరగదు. మురికి మీద క్రిమిసంహారక మందు చల్లితే దాని శక్తి చాలావరకు ఆ మురికితోనే ఖర్చవుతుంది, కాబట్టి ముందు తుడవాలి. తర్వాత మందు పెట్టి, సీసా మీద రాసినంతసేపు ఆ చోటు తడిగా ఉండనివ్వాలి. మందును బట్టి ఇది కొన్ని క్షణాల నుంచి 10 నిమిషాల దాకా ఉంటుంది. చల్లిన వెంటనే గుడ్డతో తుడిచేస్తే మిగిలేది వాసనే. అందుకే ఎక్కడెక్కడ క్రిమిసంహారం కావాలో ఎంచి రాయండి: తలుపు పిడులు, లిఫ్టు బటన్లు, కుళాయిలు, ఫ్లష్ మీటలు, ప్యాంట్రీ గట్టు. గోడలకు, పైకప్పుకు చల్లించుకుని ఎవరూ బాగుపడలేదు.

ముట్టుకోకూడనివీ రాయాలి. బల్ల మీది కాగితాలు సర్దాలా వద్దా, సర్వర్ గదిలోకి ఎవరితో కలిసి వెళ్లాలి, కంప్యూటర్ తెరలను ఎలా తుడవాలి అన్నవి ముందే తేలాలి. తెర మీద నేరుగా స్ప్రే చేస్తే ద్రవం అంచుల్లోంచి లోపలికి దిగుతుంది, కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతోనే తుడవాలి.

3. గంటల లెక్క మీరే వేయండి

ఇది ఏజెన్సీ పని అనుకుంటారు గానీ, మీ దగ్గర సొంత లెక్క లేకపోతే కొటేషన్లను పోల్చలేరు. శుభ్రత పరిశ్రమ అంతర్జాతీయ సంఘం 'ఇస్సా' ఒక్కో పనికి పట్టే సమయాల పట్టికలు ప్రచురిస్తుంది. ఈ వృత్తిలో బాగా వాడుకలో ఉన్న ఉజ్జాయింపు ఒకటి: వాష్‌రూమ్‌లో ఒక్కో అమరికకు, అంటే ఒక్కో కమోడ్‌కు, యూరినల్‌కు, బేసిన్‌కు 3 నిమిషాలు.

ఒక ఉదాహరణ చూద్దాం. 6,000 చదరపు అడుగుల నేల, 60 బల్లలు, 12 వాష్‌రూమ్ అమరికలు ఉన్న ఆఫీసు. కుర్చీల మధ్య తిరుగుతూ ఒక మనిషి గంటకు 3,000 చదరపు అడుగులు మాపు వేయగలరనుకుంటే నేలకు 2 గంటలు. బల్లకు ఒక నిమిషం చొప్పున ఒక గంట. వాష్‌రూమ్‌లు ఒక విడతకు 36 నిమిషాలు, రెండు విడతలకు గంటా 12 నిమిషాలు. ప్యాంట్రీ, మీటింగ్ గదులు, చెత్త తీయడం కలిపి ఒక గంట. మొత్తం 5 గంటల 12 నిమిషాలు. నీళ్లు నింపుకోవడం, సామాన్లు మోసుకుని గది నుంచి గదికి నడవడం, మాపులు ఉతకడం కోసం ఇంకో పది శాతం కలిపితే దాదాపు 5 గంటల 45 నిమిషాలు. వారపు, నెలవారీ పనులు ఇందులో లేవు. వాటికి విడిగా సమయం కేటాయించాలి.

ఈ వేగాలు మీ ఆఫీసుకు సరిపోకపోవచ్చు. ఇప్పుడు పని చేస్తున్నవారు ఉంటే, వారు ఒక గది తుడవడానికి ఎంతసేపు పడుతోందో గడియారం చూసి రాసుకోండి. వారిని తొందరపెట్టకుండా చూడండి, లేకపోతే మీకు దొరికేది పరుగుపందెం వేగం.

4. పగలా, రాత్రా?

ఆఫీసు మూసిన తర్వాత పని చేయిస్తే అడ్డం ఉండదు, నేల ఆరడానికి సమయం దొరుకుతుంది. కానీ తాళాలు, అలారం, దీపాలు, రాత్రి ఇంటికి వెళ్లే సిబ్బంది, ముఖ్యంగా మహిళల భద్రత, ఇవన్నీ మీ మీద పడతాయి. పగలు చేయిస్తే వాష్‌రూమ్‌లు ఎప్పటికప్పుడు చూసుకోవచ్చు, ఒలికిన కాఫీ వెంటనే తుడిపించవచ్చు. వాక్యూమ్ చప్పుడు మాత్రం భరించాలి. పెద్ద పని ఉదయం జనం రాకముందు, వాష్‌రూమ్‌లు, ప్యాంట్రీ చూసుకోవడానికి పగలంతా ఒక మనిషి, ఈ కలయిక చాలా ఆఫీసులకు నప్పుతుంది. శుభ్రం చేసేవారు పగటిపూట కళ్ల ముందు కనిపించే ఆఫీసులో ఉద్యోగులు కూడా కాస్త జాగ్రత్తగా ఉంటారు.

5. సామగ్రి ఎవరిది?

మాపులు, వాక్యూమ్ క్లీనర్, మందులు ఏజెన్సీ తెస్తుంది, టిష్యూలు, హ్యాండ్‌వాష్, చెత్త సంచులు మీరు కొంటారు అన్నది ఒక మామూలు పద్ధతి. ఏదైనా సరే, స్పష్టంగా రాసుకోండి. మందుల పేర్లు, ఎన్ని నీళ్లకు ఎంత కలపాలి అన్నది కూడా జాబితాగా అడగండి. ప్రతి రసాయనానికీ తయారీదారు ఇచ్చే సేఫ్టీ డేటా షీటు ఉంటుంది. అంతర్జాతీయంగా అంగీకరించిన పద్ధతిలో అందులో 16 విభాగాలు ఉంటాయి. వాటి ప్రతులు మీ ఆఫీసులోనే, సామాన్ల గదిలో, అందరికీ అందేలా ఉండాలి. ఎవరి కంట్లోనైనా మందు పడితే ఏం చేయాలో అప్పుడు వెతుక్కునే వీలుండదు.

ఒక ప్రమాదం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బ్లీచ్‌ను ఆమ్లం ఉన్న టాయిలెట్ క్లీనర్‌తో కలిపితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది, అమ్మోనియా ఉన్న ద్రావణంతో కలిపితే క్లోరమైన్ వాయువులు వస్తాయి. గాలి ఆడని టాయిలెట్‌లో ఇవి ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి, ప్రాణం మీదికీ రావచ్చు. బాగా శుభ్రపడుతుందని రెండూ కలిపి పోసేవారు ఉంటారు. దీనిపై సిబ్బందికి వారి భాషలో శిక్షణ ఇచ్చారా అని ఏజెన్సీని అడగండి. పేరు అతికించని సీసాల్లో మందు పోసి పెట్టడాన్ని ఒప్పందంలోనే నిషేధించండి.

గుడ్డలకు రంగుల పద్ధతి పెట్టించండి. టాయిలెట్లకు ఎరుపు, వాష్‌బేసిన్లకు పసుపు, ప్యాంట్రీకి ఆకుపచ్చ, బల్లలకు నీలం అన్నది విస్తృతంగా వాడుకలో ఉంది. రంగులు వేరైనా నష్టం లేదు, టాయిలెట్ తుడిచిన గుడ్డ ప్యాంట్రీ గట్టు మీదికి రాకూడదన్నదే అసలు సంగతి. మైక్రోఫైబర్ గుడ్డలు ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్ వేస్తే వాటి పీల్చే గుణం దెబ్బతింటుంది. కార్పెట్ ఉన్న చోట వాక్యూమ్‌కు హెపా ఫిల్టర్ అడగండి. అది 0.3 మైక్రాన్ల కణాలను కూడా 99.97 శాతం దాకా ఆపుతుంది. మామూలు యంత్రం సన్నటి దుమ్మును వెనక నుంచి గాల్లోకి వదిలేస్తుంది.

6. ఏజెన్సీలను పిలవడం

మూడు నాలుగు ఏజెన్సీలు చాలు. అందరికీ ఒకే పనుల జాబితా, ఒకే కొలతలు ఇవ్వండి, ఒకే రోజున కాకపోయినా అందరినీ ఆఫీసంతా తిప్పండి. స్థలం చూడకుండా ఫోన్లోనే ధర చెప్పేవారిని అక్కడితో పక్కన పెట్టేయవచ్చు. చూడటానికి వచ్చిన మనిషి ఏం అడుగుతున్నారో గమనించండి. నీటి కుళాయి ఎక్కడ, మురికినీళ్లు ఎక్కడ పారబోయాలి, సామాన్లు ఎక్కడ పెట్టుకోవాలి, సిబ్బంది బట్టలు మార్చుకోవడానికి చోటుందా అని అడిగేవారికి పని తెలుసు. గోడల మీది పెయింటింగులను మెచ్చుకుని వెళ్లేవారికి అమ్మకం తెలుసు.

ఇప్పటి ఖాతాదారుల్లో ఇద్దరితో మాట్లాడనివ్వమనండి. వారిని "బాగా చేస్తున్నారా?" అని అడిగితే అవుననే అంటారు. "ఎవరైనా సెలవు పెడితే ఆ రోజు ఇంకొకరు వచ్చారా? ఎన్ని గంటలకు వచ్చారు?" అని అడగండి. "ఏడాదిలో ఎంతమంది మారారు?" అనీ అడగండి. మనుషులు నిలవని ఏజెన్సీలో జీతాల దగ్గరో, సూపర్‌వైజర్ల దగ్గరో ఏదో తేడా ఉంటుంది.

7. కొటేషన్ చదవడం

మొత్తం ఒకే అంకెగా వచ్చిన కొటేషన్‌ను వెనక్కి పంపి విడదీసి ఇమ్మనండి: ఎంతమంది, రోజుకు ఎన్ని గంటలు, వారి వేతనం, చట్టప్రకారం కట్టవలసినవి, మందులు, యంత్రాలు, పర్యవేక్షణ, ఏజెన్సీ లాభం. శుభ్రత వ్యాపారంలో ఖర్చులో అత్యధిక భాగం వేతనాలే. కాబట్టి ఒక ధర మిగతావాటికంటే బాగా తక్కువగా ఉంటే అది ఎక్కడి నుంచి తగ్గిందో వెతకడం తేలికే.

మీ చోట అమల్లో ఉన్న కనీస వేతనాన్ని మీరు లెక్కగట్టిన గంటలతో గుణించండి. దానికి సెలవులు, బీమా వంటి చట్టబద్ధమైన ఖర్చులు కలపండి. వచ్చిన మొత్తం కొటేషన్ ధరకంటే ఎక్కువైతే రెండే మార్గాలు మిగిలాయి. అన్ని గంటల పని జరగదు, లేదా పని చేసినవారికి రావలసిన డబ్బు అందదు. రెండోది ఏజెన్సీ తప్పే అని చేతులు దులుపుకోవడం కుదరకపోవచ్చు. ఎన్నో దేశాల చట్టాల్లో పని చేయించుకున్న సంస్థకూ బాధ్యత ఉంది. చట్టం మాట అలా ఉంచినా, మీ టాయిలెట్ కడిగిన మనిషి జీతంలోంచి మిగుల్చుకున్న డబ్బును పొదుపు అనుకోవడానికి మనసొప్పదు.

ధర తగ్గించాలంటే పనిని తగ్గించండి. బల్లలు రోజూ కాకుండా వారానికి రెండుసార్లు తుడిపించడం, ఒక్కొక్కరి కింద ఉన్న చెత్తబుట్టలు తీసేసి మూలకొక పెద్ద బుట్ట పెట్టడం, ద్వారం దగ్గర పొడవైన మ్యాట్లు వేసి చెప్పుల దుమ్మును అక్కడే ఆపడం, ఇవన్నీ నిజంగా గంటలు తగ్గించే మార్గాలు.

8. ఒప్పందంలో ఏముండాలి

పనుల జాబితా, గంటలు, ధర అనుబంధాలుగా జతపరచాలి. అవి లేకుండా సంతకం చేయవద్దు. మొదటి మూడు నెలలు ప్రయోగకాలంగా పెట్టుకుని, ఆ వ్యవధిలో తక్కువ నోటీసుతో ఎవరైనా తప్పుకునే వీలు ఉంచుకోండి. తర్వాతి కాలానికి ఒక నెల నోటీసు ఇద్దరికీ న్యాయంగా ఉంటుంది. గడువు ముగిసే ముందు చెప్పకపోతే ఒప్పందం దానంతటదే ఇంకో ఏడాది పొడిగింపు అవుతుందనే వాక్యం చిన్న అక్షరాల్లో తరచూ దాగి ఉంటుంది. దాన్ని కొట్టేయించండి.

ధర ఎప్పుడు, దేన్ని బట్టి పెరుగుతుందో రాయండి. చట్టప్రకారం కనీస వేతనం పెరిగితే ఆ మేరకు వేతన భాగం పెంచడం న్యాయం, మందుల ధర, లాభం కూడా అదే శాతంలో పెరగనక్కర్లేదు. మనిషి రాని రోజుకు ఏమవుతుందన్నది మరో ముఖ్యమైన అంశం. ఫలానా గంటలోగా బదులు మనిషిని పంపాలి, పంపకపోతే ఆ గంటల డబ్బు బిల్లులో తగ్గించాలి. ఆ కోతను ఏజెన్సీ భరించాలి, జబ్బుపడిన మనిషి కాదు. ఈ మాటను కూడా రాయించవచ్చు.

సామాన్లు పగిలితే, ఎవరైనా తడినేల మీద జారి పడితే పరిహారం ఎవరిదో, అందుకు ఏజెన్సీకి బీమా ఉందో లేదో చూడండి. పాలసీ ప్రతిని, దాని గడువు తేదీని అడిగి తీసుకోండి. తాళాలు, ప్రవేశ కార్డులు ఎవరెవరి దగ్గర ఉన్నాయో సంతకాలతో రిజిస్టర్ ఉండాలి. మీరు ఆమోదించకుండా పనిని మరో ఏజెన్సీకి మళ్లించకూడదు, లేకపోతే మీ ఆఫీసులో ఎవరు తిరుగుతున్నారో మీకే తెలియదు. గోప్యత గురించి ఒక్క పేరా చాలు, దానికంటే కాగితాలు చింపే యంత్రం, బీరువా తాళం ఎక్కువ పనిచేస్తాయి.

9. మొదటి నెల

పాత మురికి మీద కొత్త ఒప్పందం మొదలుపెట్టకండి. తొలి రోజుల్లోనే ఒకసారి పూర్తి శుభ్రం చేయించండి, దానికి విడిగా డబ్బు కట్టవలసి వచ్చినా పరవాలేదు. ఆ పని అయ్యాక ప్రతి గదికీ ఫొటోలు తీసి ఉంచితే తర్వాత ఎంత శుభ్రంగా ఉండాలన్న దానికి అదే నమూనా. అప్పటికే ఉన్న గీతలు, పగుళ్లు, మచ్చలు కూడా ఫొటోల్లో ఉండాలి, వాటిని తర్వాత సిబ్బంది మీదికి తోయకుండా.

మీ వైపు నుంచి ఒక్కరే మాట్లాడేలా చూడండి. అటు నుంచి సూపర్‌వైజర్, ఇటు నుంచి ఆ ఒక్కరు. పది మంది పది పనులు పురమాయిస్తే నేల తుడిచే మనిషి కాస్తా టీలు మోసే మనిషి అవుతారు. ఆ పని జాబితాలో లేదు, దానికి గంటలూ లేవు. సిబ్బంది పేర్లు అందరికీ పరిచయం చేయండి. కూర్చోవడానికి, తినడానికి వారికి చోటు చూపండి.

10. తనిఖీ, ఫిర్యాదు

వారానికోసారి మీరూ సూపర్‌వైజరూ కలిసి పావుగంట తిరగండి. అంతా చూడనక్కర్లేదు. పనుల జాబితాలోంచి ఎనిమిది పది అంశాలు ఎంచుకుని, ప్రతి వారం వేరేవి చూడండి. తలుపు పైఅంచు మీద వేలు పెట్టి చూడటం, కమోడ్ వెనక వైపు టార్చి వేయడం, చెత్తబుట్ట ఎత్తి చూడటం వంటివి రెండు నిమిషాల్లో అసలు సంగతి చెబుతాయి. టాయిలెట్ తలుపు వెనక వేలాడే సంతకాల పట్టికను మాత్రం సాక్ష్యంగా తీసుకోవద్దు. రోజంతటి సంతకాలూ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో ఉన్న పట్టికలు ఎన్ని ఆఫీసుల్లో వేలాడటం లేదు!

లోపం కనబడితే చోటు, తేదీ, ఫొటోతో సూపర్‌వైజర్‌కు రాయండి. ఎప్పటిలోగా సరిచేయాలో ఒప్పందంలోనే ఉండాలి: వాష్‌రూమ్ సమస్యలు అదే రోజు, మిగతావి మర్నాటికి. ఒకే లోపం పదేపదే వస్తుంటే మనిషిని మార్చమనే ముందు మళ్లీ గంటల లెక్క తీయండి. ఆఫీసులో కొత్తగా ఇరవై మంది చేరి ఉండవచ్చు, లేదా నలుగురు రావలసిన చోట ముగ్గురే వస్తూ ఉండవచ్చు. మొదటిదైతే గంటలు పెంచాలి, రెండోదైతే బిల్లు తగ్గాలి.

11. విడిపోవలసి వస్తే

నోటీసు లిఖితపూర్వకంగా ఇవ్వండి. కొన్ని దేశాల్లో ఏజెన్సీ మారినా పాత సిబ్బంది అదే చోట కొత్త ఏజెన్సీ కింద కొనసాగే హక్కు చట్టంలో ఉంది. మీ చోట నియమం ఏమిటో నోటీసుకు ముందే కనుక్కోండి. చట్టం అడగకపోయినా, మీ ఆఫీసు మూలమూలా తెలిసిన మనిషిని కొత్త ఏజెన్సీ తీసుకునేలా మాట్లాడటం తెలివైన పని. పాత ఒప్పందంలో అందుకు అడ్డంకిగా వాక్యం ఏదైనా ఉందేమో చూడండి. ఆఖరి రోజున రిజిస్టర్ తెచ్చి తాళాలు, కార్డులు ఒక్కొక్కటి సరిచూసుకోండి, అలారం సంకేతం మార్చండి, సామాన్ల గదిలో మిగిలిన మందుల సీసాలను వారే తీసుకెళ్లేలా చూడండి. ఆ నెల జీతాలు సిబ్బందికి అందినట్టు రుజువు చూపించాకే చివరి బిల్లు చెల్లించండి.